జీడి గుర్తు

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా, మేడమెట్ల కింద
నాదొక గది. ఒక జిరాక్సు, ఒక స్టాప్లరు, రెండు కుర్చీలు.
బోర్డు మీద లైసెన్సులు, రిటర్నులు, రెన్యువళ్ళు అని రాయించాను.
ఊళ్ళో మాత్రం నన్ను కాయితాల పాప అంటారు,
నలభై ఏడొచ్చినా.

పనికో వాసన ఉన్నట్టే
దాని చట్టానికీ ఒక వాసన.
టెక్కలి గ్రానైటు ఫైలు విప్పితే తెల్లపొడి రాలుతుంది.
అక్కడ అడిగేదంతా ఊపిరి గురించి:
తడిపి కోస్తున్నారా, ఎక్స్‌రే ఎప్పుడు తీయించారు.
భావనపాడు దారిలో ఐసు ఫ్యాక్టరీకి వెళ్తే
అమ్మోనియా ముక్కుకన్నా ముందు కళ్ళని పలకరిస్తుంది.
అక్కడ అడిగేది పరుగు గురించి:
తలుపు బయటికి తెరుచుకుంటుందా, లోపలికా?
పైడిభీమవరం మందుల కంపెనీ కుర్రాడొకడు చెప్పాడు,
"మాకాడ రాయకపోతే జరగనట్టే మేడమ్.
చెయ్యి కడిగితే చాలదు, కడిగిన టైము రాయాల."

మొదట్లో ఇవన్నీ ఒకటే అనుకున్నాను.
ఐసు ఫ్యాక్టరీ ఫారంలో రైసుమిల్లు జవాబులు రాసేసి
శ్రీకాకుళం ఆఫీసులో సూపర్నెంటు చేత
నిండా తలంటు పోయించుకున్నాను.

ఒకటి మాత్రం అన్నిచోట్లా ఒకటే:
ఇన్‌స్పెక్షను ముందురోజు రాత్రి.
గోడకి సున్నం, మందులపెట్టెలో కొత్త దూది,
ఆర్నెల్ల సంతకాలు ఒక్క కూర్చోలులో, ఒకే పెన్నుతో.
"పెన్ను మార్చండి బాబూ" అనేదాన్ని నేనే.
దాచను.

మొన్న దండాసి గారి జీడి ఫ్యాక్టరీకి
పీఎఫ్ కోసమని వేలిముద్రల మిషను పట్టుకెళ్ళాను.
ఈసరమ్మ బొటనవేలు పెట్టింది.
ఎర్రలైటు.
కొంగుకి తుడిచి మళ్ళీ పెట్టింది.
ఎర్రలైటు.
చూపుడువేలు, నడిమివేలు, ఆ చెయ్యి అయిపోయి ఈ చెయ్యి.
"కాలివేళ్ళు పెట్టీమంటావేటి పాపా?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
తరవాత ఆ వేలు పట్టుకు చూశాను.
ఏటిలో నానిన గులకరాయి.
ఒక్క గీత లేదు.

వెనకటికి చాకలి మూటల్లో
ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి
నల్లజీడితో గుర్తు పెట్టేవారు.
బట్ట చిరిగినా గుర్తు చెరిగేది కాదు.
దానికి చుట్టమో, పేరుకి మాత్రమే చుట్టమో ఈ జీడి.
ఇరవైరెండేళ్ళు పిక్క కొట్టించుకుని
ఈవిడ గుర్తు తాను ఉంచేసుకుంది.

గదికొచ్చి పాత ఫైలు తీశాను.
చేతి తొడుగులు: ఇచ్చితిమి.
చేతులకు పూసుకొను నూనె: ఇచ్చితిమి.
ఏటేటా అదే మాట, నా చేతిరాతే.
అబద్ధమూ కాదు. ఇచ్చారు.
మగవాళ్ళ సైజు.
వేళ్ళ చివర జారితే పప్పు విరుగుతుంది,
విరిగిన పప్పుకి కూలి విరుగుతుంది,
కనక అవి మేకుకి వేలాడతాయి, కొత్తగా, సాక్ష్యంగా.
ఇచ్చారా అని అడిగింది ఫారం.
పట్టాయా అని అడగలేదు.
నేనూ అడగలేదు.

మర్నాడు మిషను లేకుండా వెళ్ళాను.
ఫారం వెనకపక్క ఎప్పుడూ ఖాళీయే కదా,
దాని మీద ఈసరమ్మ అరచెయ్యి పెట్టించి
చుట్టూ పెన్నుతో గీశాను. పక్కన కొలత రాశాను.
ఆ వెనక ఊర్మిళ, ఆ వెనక దాలమ్మ.
నలభైమూడు చేతులు,
రెండింటికి వేళ్ళు తక్కువ.

"ఈ కాయితం ఎవరడిగేరమ్మా?" అన్నారు దండాసి గారు.
"ఎవరూ అడగలేదండి."
ఆయన కాసేపు చూసి, కుట్టించడానికి ఎంతవుతుందో కనుక్కోమన్నారు.
ఇంకా కనుక్కుంటున్నాను.

పీఎఫ్ మాటకొస్తే, కళ్ళని గుర్తుపట్టే మిషను
సోమవారం శ్రీకాకుళం నుంచి వస్తుందట.
ఆ మాట చెబితే ఈసరమ్మ
పిక్కలు వేగుతున్న పెనం వైపు తలతిప్పి,
పొగకి కళ్ళు చికిలించి,
"సోమారం అంటే సోమారమే రమ్మను.
ఆలీసం సెయ్యొద్దని సెప్పు" అంది.